పాత బీడామన్ బొమ్మకు గోళీ పట్టే భాగం దొరుకుతుందా?

జపాన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి కోసం ఇక్కడి పాత సామాన్ల కొట్లో ఒక బీడామన్ కొన్నాను. బాంబర్‌మన్ (వీడియో గేమ్ పాత్ర) ముఖం ఉంది కాబట్టి 1990లలో టకారా కంపెనీ తెచ్చిన మొదటి తరం బొమ్మే అనుకుంటున్నా. పొట్టలో గోళీ పెట్టి వెనక మీట నొక్కితే, రెండు ప్లాస్టిక్ కొమ్మల మధ్య నుంచి అది దూసుకొస్తుంది. అంతే, మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఇప్పుడు ఆ కొమ్మలు అరిగిపోయి గోళీ దానంతటదే జారిపోతోంది. మావాడు ఒకటే గొడవ!

తర్వాతి తరాలైన 2004 నాటి బ్యాటిల్ బీడామన్ విడిభాగాలు గానీ, 2011లో మొదలైన క్రాస్ ఫైట్ వాటివి గానీ దీనికి సరిపోతాయా? వాడి చూసినవాళ్లు చెప్పండి. కొమ్మలకు రబ్బరు చుట్టమని ఒకరన్నారు, పాత ప్లాస్టిక్ విరుగుతుందేమోనని నాకు భయం. 2020లో వచ్చిన బాటిల్‌మన్ కొనెయ్యమని మాత్రం అనకండి, అది సీసా మూతలు విసిరేది, మావాడికి గోళీలే కావాలి.

ఇంకొకటి. ఈ బొమ్మల మీద వచ్చిన యానిమేల్లో (జపాన్ కార్టూన్లలో) 1998 నాటి బాంబర్‌మన్ బీడామన్ బకుగైడెన్ చూడకుండా నేరుగా బ్యాటిల్ బీడామన్ మొదలుపెడితే కథ అర్థమవుతుందా? ఒకదాంట్లో బాంబర్‌మన్ పాత్రలు, ఇంకోదాంట్లో బొమ్మలతో పోటీపడే పిల్లలు. ఏడేళ్లవాడికి ఏది నయం?