సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున, కరెంటు లేని ఇంట్లో మే నెలలో 12 రోజులు: ఏమేం చూసుకోవాలి?

మలక్‌పేట నుంచి:
సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున తెలిసినవాళ్ళ రేకుల ఇల్లుంది. రెండు గదులు, ఒక వరండా. కరెంటు లేదు, బోరు లేదు. ఊరు రెండు కిలోమీటర్లు. పిల్లలకు సెలవులు కాబట్టి మే మొదట్లో వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, 68 ఏళ్ళ మా అమ్మ, 10, 6 ఏళ్ళ పిల్లలు. నీళ్ళు ఎన్ని కావాలి? రెండు ఫ్యాన్లకు సోలార్ ఎంత పెట్టాలి? పిల్లల్ని నీళ్ళల్లోకి దింపొచ్చా? పురుగూ పుట్రా సంగతేంటి? ఫొటోలన్నీ అక్టోబరులో తీసినవి, వాటిలో గుమ్మం ముందే నీళ్ళున్నాయి.

కొల్లాపూర్ బాట:
అక్టోబర్ ఫొటోలు పక్కకు పెట్టుండ్రి. శ్రీశైలం డ్యాం నిండితె సముద్రమట్టం నుంచి 885 అడుగులు, అప్పుడే నీళ్లు మీ గుమ్మం కాడుంటయి. ఎండకాలం మట్టం దిగుతది, ఒడ్డు శానా దూరం ఎనకకు పోతది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లల్లకెళ్లి బయట పడేది గందుకే. పోయే వారం ముందు పేపర్ల మట్టం ఎంతుందో చూసుకోండ్రి.

నీళ్లు ఇడిచిపెట్టిన జాగల ఒండ్రు ఉంటది. పైన పెంకు లెక్క ఎండి పగుళ్లిచ్చి గట్టిగ కనపడ్తది, కింద మెత్తగనే ఉంటది. పిల్లలు ఉరికితె మోకాలిదాంక దిగవడ్తరు. కాలు గుంజుకోబోతె రెండో కాలు గూడ దిగుతది. పొడుగు కర్ర పట్టుకొని గుచ్చుకుంట పోవాలె. జానెడు కన్న ఎక్కువ దిగితె ఆడికే ఆగుండ్రి. చేపలు పట్టేటోళ్లు పుట్టి దించే బాట గట్టిగుంటది, వాళ్లనడిగి అదే బాటన పోండ్రి.

లైఫ్ జాకెట్ పిల్లల బరువు చూసి కొనాలె, కాళ్ల నడిమి నుంచి పట్టీ ఉన్నదే తీసుకోండ్రి. అది లేకుంటె నీళ్లల్ల జాకెట్ మెడ మీదికి లేస్తది, పోరడు కిందికి జారుతడు. టైరు ట్యూబులు వద్దు. అడుగున వలలుంటయి, కాళ్లకు చుట్టుకుంటయి. పెద్దోళ్లకు నడుం లోతు, పిల్లలకు మోకాలి లోతు, అంతకు మించి పోనియ్యొద్దు. కృష్ణల మొసళ్లున్నయి, పొద్దుగూకినంక అంచుకు పోనే వద్దు. బోళ్లు గూడ అంచున కూసొని తోమొద్దు, బకెట్లతోని నీళ్లు పైకి తెచ్చుకొని తోముకోండ్రి.

సోలార్ పని:
ముందు నీళ్ళ లెక్క. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లంటే ఐదుగురికి 20, అంటే రోజుకో క్యాను. వాడకానికి మనిషికి 25 లీటర్లు వేసుకున్నా రోజుకు 125. 500 లీటర్ల ట్యాంకు నాలుగు రోజులొస్తుంది. వాడకానికి నది నీళ్ళే తెస్తే పటిక ముక్కను బకెట్లో ఏడెనిమిది చుట్లు తిప్పి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి. బురద నీళ్ళల్లో క్లోరిన్ బిళ్ళ వేస్తే మందంతా మట్టితోనే సరిపోతుంది, క్రిములు చావవు. తేట తీశాకే బిళ్ళ వేసి అరగంట ఆగాలి. క్యాను రాని రోజు ఆ తేటను బాగా మరిగించి తాగండి.

ఇక కరెంటు. బ్యాటరీ మీద నేరుగా తిరిగే 28 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు, 10 గంటలకు 560 వాట్ అవర్లు. 5 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, 5 గంటలకు 100. ఫోన్లకు 60. మొత్తం 720. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలో 12 x 150, అంటే 1800 వాట్ అవర్లు ఉంటుంది, సగానికి మించి తోడకూడదు కాబట్టి చేతికొచ్చేది 900. ప్యానెల్ 330 వాట్లది ఉంటే మధ్యాహ్నం మబ్బు పట్టినా చాలావరకు నెట్టుకొస్తుంది. ఇంట్లో వాడే 75 వాట్ల ఫ్యాన్లు రెండు ఇన్వర్టర్ మీద తిప్పితే మాత్రం అర్ధరాత్రికే ఆగిపోతాయి. ప్యానెల్ నుంచి వైరు 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దు. సన్న వైరు వేస్తే వోల్టేజి దారిలోనే పడిపోతుంది, బ్యాటరీ ఎన్నటికీ నిండదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

మలక్‌పేట నుంచి:
చాలా థాంక్స్ అండీ. రాత్రిళ్ళు వరండాలో చాపలేసుకుని పడుకోవచ్చా? రేకుల వేడికి అమ్మ తట్టుకోగలదా అన్నదే బెంగ.

నల్లమల నర్సు:
చాప మీద వద్దండి, ఆరుబయట అసలే వద్దు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. దాని కాటుకు వాపు ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం ఉంటే పాముకాటనే అనుకుని బయల్దేరండి. నులక మంచాలు వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. తెర ఊరికే వేలాడితే ఉపయోగం లేదు.

కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. చెయ్యో కాలో కదలకుండా బద్దలు పెట్టి 108కి ఫోన్ చేయండి. వెళ్ళకముందే కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాము విషానికి సూది మందు ఉందో లేదో కనుక్కోండి. ఇంటి దగ్గర సిగ్నల్ ఎక్కడ అందుతుందో మొదటి రోజే వెతికి, ఆ చోట రాయి పెట్టుకోండి. రాత్రిళ్ళు కారు ముందుభాగం రోడ్డు వైపుండాలి.

వేడికి: రేకుల పైన సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి, ఆ తెలుపు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. అయినా పదకొండు నుంచి నాలుగు దాకా అమ్మగారిని గదిలో ఉంచకండి, చెట్టు నీడే మేలు. దాహం వేసేదాకా ఆగకుండా గంటకో గ్లాసు పలచటి మజ్జిగ ఇవ్వండి. బీపీ మాత్రలు వాడుతుంటే ఉప్పు సంగతి, మాత్రల సంగతి డాక్టరును ముందే అడగాలి.

కొల్లాపూర్ బాట:
ఒకటి మర్శిన. మే నెల సాయంత్రాలు గాలిదుమారం లేస్తది. ప్యానెల్‌ను రేకులకు బిగిస్తె రేకుతోనే లేసిపోతది. కింది దూలానికి బోల్టులు ఏయించుండ్రి.