తాగునీటిలో ఫ్లోరైడ్: పిల్లల పళ్ళ కోసం ఇంకా కలపాలా?

చదువరి:

పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా కాపాడడానికి అందరూ తాగే నీటిలో ఫ్లోరైడ్ కలపడం నేటికీ సమర్థనీయమేనా అన్నది నా ప్రశ్న. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన గ్రాండ్ రాపిడ్స్ నగరం 1945 జనవరి 25న ప్రపంచంలో తొలిసారిగా ఈ పని చేసింది. సరిగ్గా ఎనభై ఏళ్ళకు, 2025లో, యూటా రాష్ట్రం, ఆ వెనుకనే ఫ్లోరిడా, దీనిని చట్టం చేసి మరీ ఆపించాయి. అదే ఏడాది కెనడాలోని కాల్గరీ నగరం 2011లో తాను ఆపిన ఫ్లోరైడ్‌ను తిరిగి కలపడం మొదలుపెట్టింది. అవే పరిశోధనలను చదివినవారు ఒకే ఏడాదిలో ఇలా ఎదురెదురు దిక్కులకు నడిచారు కనుక ఈ విషయాన్ని ఆవేశం లేకుండా చర్చించాలని ఉంది.

నా అభిప్రాయం మాత్రం దాచను: కలపనక్కరలేదు. ఎదుగుతున్న పిల్లవాడు ఫ్లోరైడ్‌ను మింగితే, అది చిగుళ్ళ లోపల తయారవుతున్న పన్నులో కలిసి దానిని గట్టిపరుస్తుందని తొలితరం శాస్త్రవేత్తలు నమ్మారు. ఆ మేలు ప్రధానంగా పంటి పైపొర మీదనే జరుగుతుందని తరువాత తేలింది. పంటికి పూస్తే సరిపోయేదానిని కడుపులోకి పంపడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్లు కాదా? పైగా ఏ మందుకైనా మోతాదు ఉంటుంది. నీటి విషయంలో మోతాదును నిర్ణయించేది వైద్యుడు కాదు, దాహం. అందరి అనుమతీ అడగకుండా అందరికీ ఒకే మందు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

పలువరుస:

చదువరి గారూ, పిల్లల దంతవైద్యం నా వృత్తి కనుక కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. ఫ్లోరైడ్ పని పైపొర మీద జరుగుతుందన్న మీ మాట నిజమే. అయితే దాని నుంచి మీరు తీసిన నిర్ధారణ సరికాదు. నీరు కూడా గొంతు దిగే ముందు పళ్ళను తడిపే వెళుతుంది.

పన్ను పుచ్చే తీరు చూడండి. తీపి తిన్న ప్రతిసారీ నోటిలోని బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) దాదాపు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటకు వస్తాయి. కొంతసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను మళ్ళీ పంటిలోకి చేరుస్తుంది. ఈ రాకపోకలు రోజంతా సాగుతూనే ఉంటాయి. ఖనిజాలు తిరిగి చేరే సమయంలో అక్కడ కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉంటే కొత్తగా ఏర్పడే పొర మునుపటికంటే గట్టిదవుతుంది. పీహెచ్ ఇంచుమించు 4.5కు పడిపోతే తప్ప అది కరగదు. అంటే పంటికి కావలసింది ఎప్పుడో ఒకసారి ఎక్కువ ఫ్లోరైడ్ కాదు, పలుమార్లు కొంచెం కొంచెంగా అందే ఫ్లోరైడ్. నీరు చేసేది సరిగ్గా ఆ పనే.

ఇక కాల్గరీ సంగతి. 2018, 2019 సంవత్సరాల్లో అక్కడి రెండో తరగతి పిల్లలను, ఫ్లోరైడ్ ఆపని మరో కెనడా నగరం ఎడ్మంటన్ పిల్లలతో పోల్చి చూశారు. పాలపళ్ళు పుచ్చినవారు ఎడ్మంటన్‌లో 55.1 శాతం, కాల్గరీలో 64.8 శాతం. ఈ అంకెల వెనుక ఉన్నవారిని నేను రోజూ చూస్తుంటాను. నాలుగేళ్ళ బిడ్డకు ఆరేడు పళ్ళు ఒకేసారి పుచ్చితే, కుర్చీలో కూర్చోబెట్టి చికిత్స చేయడం సాధ్యం కాక, పూర్తి మత్తు ఇచ్చి పళ్ళు తీయవలసి వస్తుంది. రాత్రి పడుకునే ముందు పక్కన నిలబడి పళ్ళు తోమించే తీరిక ఉన్న తల్లిదండ్రుల పిల్లలు నా దగ్గరకు ఈ స్థితిలో అరుదుగా వస్తారు. అనుమతి గురించి మీరు అడిగారు; తోమించేవారు లేని ఆ బిడ్డ అనుమతిని ఎవరు అడిగారు?

కొలపాత్ర:

పలువరుస గారి చివరి ప్రశ్న మనసును తాకేదే. కానీ మనసును తాకే ప్రశ్నలకు కూడా అంకెలతోనే జవాబు వెతకాలి.

గ్రాండ్ రాపిడ్స్‌లో పదకొండేళ్ళ తరువాత చూస్తే, ఫ్లోరైడ్ కలపడం మొదలైన తరువాత పుట్టిన పిల్లల్లో పుచ్చు అరవై శాతానికి పైగా తగ్గిందన్నారు. అది ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్ ఇంకా అంగళ్ళకు రాని కాలం. 2024లో, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో, 1975 తరువాతి అధ్యయనాలను విడిగా లెక్కిస్తే, నీటిలో ఫ్లోరైడ్ కలపడం వల్ల పాలపళ్ళలో తగ్గిన పుచ్చు సగటున ఒక్కో పిల్లవాడికి పావు పన్ను. ఆ పావు కూడా అసలు లేకపోవచ్చునన్నంత అనిశ్చితి అందులో ఉందని సమీక్షకులే రాశారు. ఆనాటి నీరు చేసిన పనిలో చాలా భాగాన్ని నేడు టూత్‌పేస్ట్ చేస్తున్నదన్నమాట.

కాల్గరీని ఉదాహరించేవారు ఫిన్లాండులోని క్వోపియో పేరు ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు. అక్కడ 1992లో ఫ్లోరైడ్ ఆపారు. పిల్లల్లో పుచ్చు పెరగలేదు. స్విట్జర్లాండులోని బాసెల్ 1962 నుంచి కలుపుతూ వచ్చి 2003లో మానుకొంది. ఆ దేశంలో మిగిలిన ప్రాంతాలు ఎప్పటి నుంచో ఉప్పు ద్వారా ఫ్లోరైడ్ అందించే మార్గంలో ఉన్నాయి. అక్కడ ఆ ఉప్పును కొనాలో వద్దో ఇంటివారే నిర్ణయించుకోవచ్చు. కాల్గరీ అధ్యయనం కూడా అవే పిల్లలను ఏళ్ళ తరబడి గమనించినది కాదు, రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూసినది. దానిని కొట్టిపారేయను, అయితే చివరి తీర్పుగానూ తీసుకోను.

శుద్ధజలం:

నీటి సరఫరా ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముగ్గురూ ‘కలపడం’, ‘ఆపడం’ అన్న మాటలతోనే వాదిస్తున్నారు. ఆ మాటలే దారి తప్పిస్తాయి. ఫ్లోరైడ్ లేని నీటికి ఫ్లోరైడ్ ఉన్న నీటికి మధ్య ఎంపిక ప్రకృతిలో దాదాపు లేదు. రాతి పొరల నుంచి వచ్చే భూగర్భజలంలో అది ఎంతో కొంత ఉంటుంది. కొన్నిచోట్ల ప్రమాదకరమైనంత ఉంటుంది.

అసలు ఈ కథ మొదలైనదే అధిక ఫ్లోరైడ్ దగ్గర. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చిన ఫ్రెడరిక్ మెక్కే అనే యువ దంతవైద్యుడు అక్కడివారి పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. కారణం అంతుపట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మరకల పళ్ళు చూడడానికి బాగుండకపోయినా త్వరగా పుచ్చవని ఆయన ఈలోగా గమనించాడు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెచ్. వి. చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని పరీక్షించి, అందులో అధికంగా ఉన్నది ఫ్లోరైడ్ అని తేల్చాడు. తరువాత ట్రెండ్లీ డీన్ అనే అమెరికా దంతవైద్యుడు అనేక పట్టణాల పిల్లల పళ్ళను పరిశీలించి, లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము దగ్గర మేలు ఎక్కువగా, మరకలు తక్కువగా ఉంటాయని చెప్పాడు. ఇంతకీ నేటి వివాదమంతా నడిచేది ఈ కొలత మీదనే. అమెరికా ఆరోగ్యశాఖ 2015లో ఆ సిఫారసును 0.7 మిల్లీగ్రాములకు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 1.5. అంతకు ఎంతో మించి ఏళ్ళ తరబడి తాగితే పళ్ళతో ఆగదు. ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. అటువంటి నీటి నుంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానాన్ని ప్రపంచమంతటా ‘నల్గొండ పద్ధతి’ అని మన తెలుగు నేల పేరుతోనే పిలుస్తారన్నది మనం గర్వపడవలసిన విషయమో బాధపడవలసిన విషయమో నాకు నేటికీ తెలియదు.

వృత్తిరీత్యా ఒక హెచ్చరిక కూడా చేయాలి. 1992లో అలాస్కాలోని హూపర్ బే గ్రామంలో ఫ్లోరైడ్ పంపు వ్యవస్థ లోపం వల్ల నీటిలోకి విపరీతంగా ఫ్లోరైడ్ చేరి, వందలమంది అస్వస్థులయ్యారు, ఒకరు మరణించారు. పెద్ద నగరంలో రాత్రింబవళ్ళు కొలిచే సిబ్బంది ఉంటారు. ఒక్కడే అన్నీ చూసుకునే చిన్న నీటి కేంద్రంలో ఫ్లోరైడ్ కలపడాన్ని, పళ్ళకు ఎంత మేలు జరిగినా సరే, నేను సమర్థించను.

చదువరి:

శుద్ధజలం గారి వివరణకు ధన్యవాదాలు. కొలతే అసలు విషయమైతే నా ఆందోళన పెరుగుతుందే తప్ప తగ్గదు. అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2024 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉన్నదని మోస్తరు విశ్వాసంతో చెప్పవచ్చునని అందులో ఉంది. మరుసటి నెలలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి ఎడ్వర్డ్ చెన్ అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థను ఈ విషయంలో చర్య తీసుకోవాలని ఆదేశించారు. పన్ను పుచ్చితే తీయవచ్చు, కట్టించుకోవచ్చు. ఎదిగే మెదడుకు అటువంటి రెండో అవకాశం లేదు.

పలువరుస:

అదే నివేదిక, లీటరుకు 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు పిల్లల ఐక్యూపై ప్రభావం చూపుతుందో లేదో చెప్పడానికి చాలినంత సమాచారం లేదని కూడా స్పష్టంగా రాసింది. ఆ వాక్యాన్ని వదిలి మిగతాది ఉదాహరించడం న్యాయం కాదు. న్యూజిలాండులోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చినవారిని 38 ఏళ్ళ వయసులోనూ పరీక్షించి, ఫ్లోరైడ్ కలిపిన ప్రాంతంలో పెరిగినవారికీ మిగిలినవారికీ ఐక్యూలో తేడా లేదని 2015లో ప్రచురించారు.

కొలపాత్ర:

పలువరుస గారూ, చాలినంత సమాచారం లేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. న్యాయమూర్తి తర్కం కూడా అదే: 0.7 హాని చేస్తుందని రుజువైందని ఆయన అనలేదు. హాని కనిపించే స్థాయికీ తాగే స్థాయికీ మధ్య చాలినంత ఎడం లేదన్నారు. ఇతర రసాయనాల విషయంలో సాధారణంగా పది రెట్ల ఎడం కోరతాము. ఇక్కడ 1.5కూ 0.7కూ మధ్య ఉన్నది రెండు రెట్లు.

ఈ ఎడం ఎవరికి మరీ తక్కువో లెక్క వేశాను. తల్లిపాలలో ఫ్లోరైడ్ అత్యల్పం. డబ్బాపాల పొడిని లీటరుకు 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటితో కలిపితే, రోజుకు 900 మిల్లీలీటర్ల నీరు పట్టే పసిబిడ్డకు నీటి ద్వారానే 0.63 మిల్లీగ్రాములు చేరుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు అమెరికాలో నిర్ణయించిన గరిష్ఠ పరిమితి రోజుకు 0.7 మిల్లీగ్రాములు. ఇంకా పళ్ళే రాని ఆ బిడ్డకు ఈ ఫ్లోరైడ్ వల్ల పైపొర మీద జరిగే మేలు ఏమిటి? పలువరుస గారు మొదట చెప్పిన సూత్రం ప్రకారమే, ఏమీ లేదు.

పలువరుస:

మీ లెక్క సరైనదే, అంగీకరిస్తున్నాను. పూర్తిగా డబ్బాపాల మీదనే పెరుగుతున్న పసిపిల్లలకు ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీటితో పాలు కలపమని నేను కూడా తల్లులకు చెబుతాను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరైనకొద్దీ దాని సాంద్రత పెరుగుతుందని కూడా చెబుతాను. చాలామంది అక్కడే పొరబడతారు. ఆ వయసులో ఎక్కువైతే సాధారణంగా కనిపించేది, ఆరేడేళ్ళకు వచ్చే శాశ్వత దంతాల మీద సన్నని తెల్లని చారలు. అది జబ్బు కాదు గానీ, అద్దం ముందు నిలబడిన అమ్మాయికి జబ్బు కాదని చెప్పి ఒప్పించడం తేలిక కాదు.

టూత్‌పేస్ట్ కూడా అమాయకమైనది కాదని మాత్రం చేర్చాలి. వెయ్యి పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌ను బియ్యపు గింజంత వేస్తే అందులో ఉండే ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము, మూడేళ్ళ లోపు పిల్లవాడు దానిని మింగినా భయం లేదు. ప్రకటనలలో చూపినట్లు బ్రష్ పొడవునా పరిస్తే, నీటి మీద మనం ఇంతసేపు చేసిన వాదనంతా ఆ ఒక్క బ్రష్ దగ్గరే తలకిందులవుతుంది.

చదువరి:

నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. స్కాట్లాండులో నీటిలో ఫ్లోరైడ్ కలపరు. చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం కింద శిశుపాఠశాలల్లో ప్రతిరోజూ పెద్దల పర్యవేక్షణలో పిల్లల చేత పళ్ళు తోమిస్తారు. అక్కడ పిల్లల్లో పుచ్చు గణనీయంగా తగ్గింది. అటువంటి ఏర్పాటు ఉన్నచోట నీటిలో కలపడాన్ని ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. అది లేనిచోట, ఉన్న ఫ్లోరైడ్‌ను రాత్రికి రాత్రి ఆపమని ఓటు వేయడానికి మాత్రం ఇప్పుడు నా చేయి లేవదు.

శుద్ధజలం:

ఓటు వేసే ముందు మీ నీటి కేంద్రం వారిని గడచిన పన్నెండు నెలల ఫ్లోరైడ్ కొలతలు అడగండి. సగటు చెబితే ఒప్పుకోకండి. అత్యధికంగా నమోదైనది ఎంత, అత్యల్పం ఎంత, ఎన్ని రోజులు అసలు కొలవలేదు అన్న మూడు విషయాలూ రాసి ఇమ్మనండి.

పలువరుస:

ఆ కాగితం వస్తే ఇక్కడ పెట్టండి, శుద్ధజలం గారూ. పిల్లల పళ్ళ పరీక్షల వివరాలు నా దగ్గర ఉన్నంతవరకు, పేర్లు తీసేసి, నేను పక్కన పెడతాను.