కల్లం కాడికి రాత్రి దొంగ వస్తే ఎంతవరకు కొట్టొచ్చు? మా బాపు గొడ్డలి పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు

నర్సంపేట_పిల్లోడు:

అన్నలకు నమస్తే. మాది నర్సంపేట దగ్గర చిన్న ఊరు, నేను ఉప్పల్‌లో ఉంటా. బాపుకు 64 ఏళ్లు. ఈ ఏడు రెండెకరాల మిర్చి వేశాం. ఏరిన కాయ కొంత ఊరి బయట కల్లంలో ఆరుతోంది, కొంత బస్తాలకెత్తి టార్పాలిన్ కప్పి పెట్టాం. ఇంకో పది రోజుల్లో ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోవాలి.

పోయిన మంగళవారం రాత్రి రెండు గంటలకు ట్రాలీ ఆటోలో ముగ్గురు వచ్చారు. బాపు అక్కడే మంచం మీద పడుకుని ఉన్నాడు. అలికిడికి లేచి అరిస్తే ఒకడు రాయి విసిరాడు, భుజానికి తగిలింది. మూడు బస్తాలు పోయాయి. స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాం.

అప్పటి నుంచి మంచం కింద గొడ్డలి. "ఈసారి వస్తే ఒక్కడైనా ఇక్కడ పడాలె" అంటున్నాడు. ఊళ్లో ఒకాయన మోటర్ స్టార్టర్ దగ్గర్నుంచి కల్లం చుట్టూ బైండింగ్ తీగ లాగమని సలహా ఇచ్చాడు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఏమో "ఇక్కడైతే కాల్చి పారేస్తాం మామా" అని వాట్సాప్‌లో పెట్టి బాపును ఇంకా ఎక్కించాడు. దొంగల సంగతేమో గానీ నాకు బాపును తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంట్లోకి వచ్చినవాణ్ని కొడితే కేసు ఉండదంటారు కదా, కల్లం కూడా అంతేనా? ఫోన్ చేస్తే ఆయన వినడు, ఎవరైనా లాయర్ సార్ రాస్తే చదివి వినిపిస్తా.

హన్మకొండ_అడ్వకేట్:

తమ్ముడూ, ముందు ఒకటి. ఇంట్లోకి వచ్చినవాణ్ని కొడితే కేసు ఉండదు అనేది సగం నిజమే. మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ అవుతుంది, మీ బాపు పేరు అందులో ఉంటుంది. ఆత్మరక్షణ అనేది ఆ తర్వాత చెప్పుకునే జవాబు. నిరూపించుకునే బరువు మన మీదే ఉంటుంది. కాకపోతే ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించాల్సిన పని లేదు, మనం చెప్పేదే జరిగి ఉండొచ్చని కోర్టుకు అనిపిస్తే చాలు.

పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్నవే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు అయ్యాయి. మీకు కావాల్సింది 41. ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణం తీసేదాకా పోవడం నాలుగు సందర్భాల్లోనే: దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే లేదా సామాను దాచుకునే కట్టడానికి నిప్పు పెట్టడం, ఇక దొంగతనమైనా చొరబాటైనా ఆపకపోతే మనకు చావో పెద్ద గాయమో తప్పదన్న భయం న్యాయంగా కలిగినప్పుడు.

ఇప్పుడు మీ కల్లం చూడండి. రేకుల షెడ్డుకు తాళం వేసి అందులో బస్తాలు పెడితే, రాత్రి ఆ తాళం పగలగొట్టడం ఇల్లు పగలగొట్టడం కిందికే వస్తుంది. సామాను దాచే కట్టడం కూడా చట్టం దృష్టిలో అదే లెక్క. మీది మాత్రం నేల మీద ఆరబోసి టార్పాలిన్ కప్పినది. కట్టడం కాదు. అక్కడ ఉత్త దొంగతనమైతే అడ్డుకోవచ్చు, కర్రతో కొట్టొచ్చు, చావు మాత్రం రాకూడదు. ఆ రాయి వేరే సంగతి. బస్తాలు తీసుకుపోవడానికి మనిషిని గాయపరిచారంటే దొంగతనం దోపిడీ అవుతుంది. దరఖాస్తులో రాయి మాట రాశారా? రాయకపోతే రేపే పోయి రాయించండి. భుజం గాయాన్ని ఎంజీఎం ఆసుపత్రిలో చూపించి కాగితం తెచ్చుకోండి.

గొడ్డలి విషయం. అవసరానికి మించి హాని చేయొద్దని 37 చెబుతుంది, ఆ మాట ఇంటికీ కల్లానికీ ఒకటే. అలాగని బంగారం తూచినట్టు తూచరు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి చెప్పింది, దాడికి గురైనవాడు పారిపోవాల్సిన పని లేదని కూడా చెప్పింది. కానీ వాడు బస్తా పడేసి పరుగెత్తుతుంటే వెనక నుంచి నరికితే ఏ లాయరూ కాపాడలేడు. గాయం వీపు మీద ఉందా ముందు ఉందా అనేది పోస్ట్‌మార్టంలో మొదటి పేజీలోనే కనిపిస్తుంది. దొరికినవాణ్ని కట్టేశాక ఒక్క దెబ్బ కూడా వేయొద్దు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40 ప్రకారం మామూలు మనిషి కూడా దొంగను పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసుకు అప్పగించాలి.

డల్లాస్_ఓరుగల్లు:

మీ బావమరిది నేను కాదు గానీ ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నా. ఆయన చెప్పింది పూర్తి అబద్ధం కాదు. టెక్సస్ పీనల్ కోడ్ 9.42 రాత్రిపూట దొంగతనం ఆపడానికి కూడా ప్రాణాంతక బలం వాడనిస్తుంది, అదీ ఆస్తిని ఇంకో దారిలో కాపాడుకోలేమనో, వేరే దారికి పోతే మన ప్రాణానికే ముప్పనో న్యాయంగా నమ్మినప్పుడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వట్టి సామాను కోసం అంత దూరం ఒప్పుకోరు. ఆ సంగతి పార్టీల్లో ఎవరూ చెప్పరు.

ఇక్కడి మనవాళ్లకు నేను చెప్పేది 1992 నాటి లూసియానా సంగతి. పార్టీకి పోతూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన జపాన్ కుర్రాడిని ఇంటాయన కాల్చేశాడు. పదహారేళ్ల పిల్లాడు. క్రిమినల్ కేసులో జ్యూరీ వదిలేసింది, సివిల్ దావాలో మాత్రం ఆరున్నర లక్షల డాలర్లు కట్టమన్నారు. ఇది చదివాక నేను తుపాకీ కొనే ఆలోచన మానేశా. ఇంట్లో వాళ్లకు మాత్రం డబ్బుల్లేక మానేశానని చెప్పా.

లైన్‌మన్_ములుగు (రిటైర్డ్):

గొడ్డలి సంగతి వకీలు సార్ చెప్పిండు, నేను తీగ సంగతి చెప్త. బిడ్డా, ఆ తీగ పెట్టి ఉంటే ఈ రాత్రికే తీసి పారేయుమను. మా దిక్కు అడవి పందులకని పెడతరు. నా సర్వీసులో అట్లాంటి కాడికి నాలుగుసార్లు పోయిన. రెండుసార్లు ఎడ్లు, ఒకసారి చేపలకు పోయే పిలగాడు, ఒకసారి తీగ పెట్టినాయనే, పొద్దున స్విచ్ బంద్ చేయడం మర్చిపోయి.

"మనిషికి తగిలితే ఫ్యూజు కొట్టేస్తది కదా" అంటరు. కొట్టదు. ఫ్యూజుకు ఆంపియర్లు కావాలె, మనిషి పోవడానికి వంద మిల్లీ ఆంపియర్లు కూడా అక్కర్లేదు. పచ్చి నేల, చెప్పుల్లేని కాలు, ఇంకేం కావాలె. తీగకు దొంగ ఎవడో, పొద్దున కాయ ఏరే కూలీ ఆడామె ఎవరో తెలియదు.

హన్మకొండ_అడ్వకేట్:

లైన్‌మన్ అన్న మాటకు ఇంకొకటి కలుపుతా. తీగకు ఆత్మరక్షణ వర్తిస్తుందనుకోవద్దు. మనిషి పోతే న్యాయ సంహిత సెక్షన్ 105, అంటే హత్య కిందికి రాని నరహత్య, దాకా పోతుంది, కరెంటు దొంగతనం కేసు వేరే.

నర్సంపేట_పిల్లోడు:

అందరికీ దండం. నిన్న రాత్రి స్పీకర్ పెట్టి మొత్తం చదివి వినిపించా. తీగ దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు, పొద్దున అమ్మ చెప్పింది చుట్ట చుట్టి అటక మీద పడేశాడని. గొడ్డలి మాత్రం ఇయ్యలేదు. "కట్టెలు కొట్టుకోవడానికి" అంటున్నాడు, కల్లం కాడ కొట్టడానికి కట్టెలేవో నాకైతే కనపడలేదు. రాయి మాట దరఖాస్తులో లేదు సార్, ఎస్సై గారు మళ్లీ రాసిస్తే తీసుకుంటామన్నారు. శనివారం వచ్చి బస్తాలన్నీ మా మేనమామ షెడ్డులోకి మారుస్తున్నా, తాళం వేస్తా.

ఇంకో చిన్న డౌటు. వైఫై లేని చోట సిమ్ వేసే సోలార్ కెమెరాలు పనిచేస్తున్నాయా? మా దగ్గర సిగ్నల్ చెరువు కట్ట ఎక్కితేనే వస్తుంది.