జిప్సీ ఇంజనా, రొటాక్సా: ఇంట్లో కట్టే విమానానికి ఏది?

కోనసీమ రెక్కలు:
రావులపాలెం దగ్గర మా కొబ్బరికాయల షెడ్డులో ఇద్దరు కూర్చునే హైవింగ్ (రెక్క పైన ఉండే) విమానం కడుతున్నాం. బాడీ అయిపోయింది, ముందు భాగం ఇంకా ఖాళీ. డ్రాయింగుల్లో ఉన్నది చిన్న విమానాల కోసమే చేసే ఇంజను, రొటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్‌పవర్. దాని ధర విన్నాక మా నాన్న అరెకరం అమ్మాలా అని అడిగారు. మా బావేమో పాత మారుతి జిప్సీ ఇంజను, 1.3 లీటర్ ఇంజెక్షన్ రకం, 80 హార్స్‌పవర్, దానికే రీడక్షన్ (ప్రొపెల్లర్ వేగం తగ్గించే గేర్లు) కట్టిద్దాం అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టినా పర్లేదు.

ఆటోనగర్ బావ:
జిప్సీకే నా ఓటు. సుజుకీ వాళ్లదే చిన్న ఇంజను, అమెరికాలో జియో మెట్రో కారులో వచ్చేది, అక్కడ ఎన్నో చిన్న విమానాలకి పెట్టి ఎగిరారు. బీటిల్ కారు ఇంజను సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పైగా సామాను రాజమండ్రిలో సాయంత్రానికల్లా దొరుకుతుంది.

లంక గాలి:
బావగారూ, బీటిల్ ఇంజను తక్కువ ఆర్‌పీఎంలో ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పుతుంది, జిప్సీది ఆ కథ కాదు. దాని 80 హార్స్‌పవర్ వచ్చేది నిమిషానికి 6000 చుట్ల దగ్గర. 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ని ఆ స్పీడులో నేరుగా తిప్పితే కొన సెకనుకి 530 మీటర్లు పోతుంది, ధ్వని వేగం 340, అంటే మోతే తప్ప లాగుడు ఉండదు. కాబట్టి రీడక్షన్ తప్పదు, అసలు టెన్షన్ అక్కడే. సిలిండర్ పేలిన ప్రతిసారీ క్రాంక్ ఒక కుదుపు ఇస్తుంది, కారులో ఆ కుదుపుని క్లచ్ ప్లేటు స్ప్రింగులు మింగేస్తాయి, ఇక్కడ బరువైన ప్రొపెల్లర్ అటు చివర ఎదురు నిలబడుతుంది, ఏదో ఒక ఆర్‌పీఎంలో రెండూ ఒకే తాళంలో పడ్డాయంటే గేరు పళ్లో షాఫ్టో పోతాయి. రొటాక్స్‌లో ఆ లెక్కంతా వేసి, 2.43 నిష్పత్తి గేర్‌బాక్సులోనే ఆ కుదుపుని మింగే డాంపర్ పెట్టి అమ్ముతారు. నువ్వు డబ్బు కట్టేది దానికి.

ఆటోనగర్ బావ:
మరి పెట్రోలు మాట ఎత్తరేం? రొటాక్స్ ఇథనాల్ 10 శాతం వరకే ఒప్పుకుంటుంది. మన బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. మన గాలి తేమకి ట్యాంకులో నీళ్లు దిగుతాయి, ఫైబర్ ట్యాంకైతే రెజిన్ మెత్తబడొచ్చు. ఇంకోటి, యూఎల్ఎస్‌కి కార్బురేటర్లు. వానాకాలంలో విమానం కిందికి దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గిస్తే 25 డిగ్రీల్లో కూడా అందులో మంచు కడుతుంది. ఇంజెక్షన్ జిప్సీకి ఆ గొడవే లేదు.

లంక గాలి:
పెట్రోలు మాట ఒప్పుకుంటా. కానీ ఫైబర్ ట్యాంకు, పైపులు జిప్సీకైనా అవే కదా! ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) పోస్తే సీసం పేరుకుంటుంది, రొటాక్స్‌కి ఆయిల్ తొందరగా మార్చాలి, అంతే.

షెడ్డు పెద్దాయన:
బాబూ కోనసీమా, రెండు ఇంజన్లనీ కాసేపు పక్కన పెట్టు. రొటాక్స్ గేర్‌బాక్సుతో సుమారు 60 కిలోలు. మీ బావ ఇంజను, రీడక్షన్, రేడియేటరు, అందులో నీళ్లు, అన్నీ కాటా ఎక్కించి తూచారా? 30 కిలోలు ఎక్కువై, అది సీజీకి (విమానం బరువు తూగే చోటుకి) ఒకటిన్నర మీటర్ ముందుంటే, సరిచేయడానికి 3 మీటర్ల వెనక తోకలో 15 కిలోలు వేలాడదీయాలి. మొత్తం 45 కిలోలు పెరిగింది. మైక్రోలైట్ (తేలిక విమానం) కింద విమానయాన శాఖ డీజీసీఏ ఇచ్చేదే అన్నీ కలిపి 450 కిలోలు, ఇద్దరు మనుషులు ఎక్కాక పెట్రోలు ఎక్కడ పోస్తావు? ఇంకో సంగతి, కారు ఇంజన్లలో బ్లాకు చెడేది తక్కువ. పెట్రోలు లాగే పంపు ఆగిపోతుంది, ఒక వైరు ఊడితే ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) చచ్చిపోతుంది, కౌలింగులో (ఇంజను మీది మూతలో) వేడిగాలి బయటికి పోయే దారి చాలక నీళ్లు మరుగుతాయి. అందుకని రెండు పంపులు, రెండు బ్యాటరీలు, ఒకదాని వైరింగుతో రెండోదానికి సంబంధం లేకుండా పెట్టుకోవాలి. పైకెళ్లాక ఇంజను ఆగితే మన దగ్గర దిగడానికి ఏముంది చెప్పు, కొబ్బరితోట, రొయ్యల చెరువు, కరెంటు తీగలు!

కోనసీమ రెక్కలు:
కాటా లెక్క మేం వెయ్యలేదండి. రేపు బావతో కలిసి తూస్తాం. ఆ రీడక్షన్ ఎవరు చేస్తారు, దాని డ్రాయింగు ఏది అని అడిగితే మాత్రం "తెలిసిన లేత్ ఉంది" అంటున్నాడు.

లంక గాలి:
లేత్ అన్నాడంటే అరెకరం అమ్మేయండి.

ఆటోనగర్ బావ:
ఆ లేత్ మీద గేరు కోసేవాడిని ఒకసారి చూసి మాట్లాడండి.