ఎస్‌ఐ పోస్టింగులకు ఎమ్మెల్యే సిఫార్సు లేఖలు ఆపాలా, వద్దా?

గోదావరి గట్టు:
ప్రభుత్వం మారగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సీఐలు, ఎస్‌ఐలు మారిపోతారు. లేఖ తెచ్చుకున్నవాళ్లకి మంచి స్టేషన్, లేనివాళ్లకి వీఆర్, అంటే ఏ స్టేషనూ ఇవ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం. పోలీసు సంస్కరణల మీద నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ని (ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ బాధ్యుడు) కనీసం రెండేళ్లు ఉంచాలంది. డీఎస్పీ, ఆ కింది స్థాయి బదిలీలు పోలీసు అధికారుల బోర్డే చూడాలంది. ఈ లేఖలు ఆపాల్సిందే.

పల్లెటూరి మాస్టారు:
నేను ఒప్పుకోనండీ. మా ఊళ్లో పొలం గట్టు గొడవలో దెబ్బలు తిన్న కుటుంబం స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయింది. ఎమ్మెల్యే మనిషి ఫోన్ చేశాకే కేసు కట్టారు. ఎమ్మెల్యేని ఐదేళ్లకైనా ఓడిస్తాం. మీ బోర్డులో ఉండేదీ పోలీసులేగా, వాళ్లని అడిగేదెవరు?

పాత ఖాకీ:
హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. లేఖతో వచ్చిన ఎస్‌ఐ చార్జ్ తీసుకోగానే బొకే పట్టుకుని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు వెళ్తాడు. సాయంత్రానికి ఆ ఫొటో మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఉంటుంది. ఇక అనుచరుల ఇసుక ట్రాక్టర్ ఎదురొస్తే ఏ కానిస్టేబుల్ ఆపుతాడు? ఆపిన ఎస్‌ఐ వీఆర్‌కి పోవడం స్టేషనంతా చూసే ఉంటుంది.

గోదావరి గట్టు:
మాస్టారూ, ఆ ఫోన్ అవతలి పక్షం తరఫున వచ్చి ఉంటే ఆ కుటుంబం గతేంటి? ఎస్‌ఐ కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో ఫిర్యాదు పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. చట్టంలో ఆ దారి ఉంది. పోలీసుల్ని అడిగేవాళ్లు ఉండాలన్న మీ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అదే తీర్పు జిల్లా స్థాయిలో రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది.

పల్లెటూరి మాస్టారు:
కూలికెళ్లేవాడు రోజు కూలి వదులుకుని కోర్టు మెట్లెక్కుతాడా అండీ? ముందు ఆ అథారిటీని జిల్లాలో కూర్చోబెట్టండి. ఆ తర్వాత లేఖలు ఆపండి, నేనూ సంతకం పెడతాను.

గోదావరి గట్టు:
ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి అంటే రెండూ జరగవు మాస్టారూ. రెండూ కలిపే అడుగుదాం. బోర్డు నిర్ణయాన్ని ప్రభుత్వం మార్చాలంటే కారణం రాసిపెట్టాలని కూడా ఆ తీర్పులో ఉంది. మన జిల్లాలో రెండేళ్లు నిండకుండా ఎంతమంది ఎస్‌హెచ్‌ఓలు మారారు, ఫైల్లో రాసిన కారణమేంటి అని ఆర్టీఐ పెడుతున్నాను. మీ జిల్లాలో మీరూ పెట్టండి.