ముద్ర లేని పాత మిలిటరీ కత్తి: ఏం చూసి గుర్తుపట్టాలి?

పాతఇనుము:
ఈమధ్య నా చేతికి ఒక పాత సర్వైవల్ కత్తి వచ్చింది. బ్లేడు 5 అంగుళాలు, వెన్ను మీద రంపపు పళ్ళు. పిడి నిండా ఒకదాని పక్కన ఒకటి పేర్చిన తోలు బిళ్ళలు, చివర మందపాటి ఉక్కు దిమ్మ. గార్డుకి, అంటే పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డుపట్టీకి, రెండు రంధ్రాలున్నాయి. ఎంత వెతికినా ఒక్క అక్షరం కనబడలేదు. వియత్నాం యుద్ధంలో రహస్య దళాలకు కావాలనే ముద్ర లేని కత్తులిచ్చారని చదివాను. ఇది అదేనంటారా?

ఒరలోకత్తి:
మీరు చదివింది నిజమేనండి, కానీ ఆ కత్తి వేరు. వియత్నాంలో రహస్య పనులు చేసిన అమెరికా ఎస్ఓజీ దళాల కోసం ఒకినావాలోని అమెరికన్ ఆఫీసు ద్వారా జపాన్‌లో చేయించారు. శత్రువు చేతికి చిక్కినా ఏ దేశానిదో తెలియకూడదని మొదటివాటి మీద దేశం పేరు గానీ కంపెనీ పేరు గానీ కొట్టలేదు. వాటికి రంపపు పళ్ళు ఉండవు, బ్లేడు కూడా 6 లేదా 7 అంగుళాలు. నకిలీలు లెక్కలేనన్ని, జాగ్రత్త.

మీరు చెప్పినవన్నీ అమెరికా పైలట్ల సర్వైవల్ కత్తికి సరిపోతున్నాయి. 1950ల చివర్లో 6 అంగుళాల బ్లేడుతో వచ్చింది, 1960ల మొదట్లో 5 అంగుళాలకు తగ్గించారు. గార్డు రంధ్రాలు కత్తిని కర్రకు కట్టి ఈటెలా వాడుకోవడానికి. కంపెనీ పేరు, నెల, సంవత్సరం ఎక్కువగా ఆ ఉక్కు దిమ్మ అడుగునే కొట్టేవారు. విమానం కూలి అడవిలో పడ్డవాడికి సుత్తి కూడా ఆ దిమ్మే. అందుకే ముందుగా అరిగేది ఆ ముద్రే.

తుప్పుతోపోరు:
దయచేసి వైర్ బ్రష్ పెట్టకండి. నేను ఇలాంటి కత్తికే డ్రిల్లుకి బ్రష్ బిగించి తుప్పు వదిలించాను. రెండు నిమిషాల్లో తళతళలాడింది. అసలు ఫాస్ఫేట్ పూత, ఆ మసక బూడిద రంగు, మొత్తం పోయింది. దిమ్మ మీద లీలగా ఉన్న రెండు అంకెలూ పోయాయి. పాత ఫొటోలో మాత్రం ఉన్నాయి. ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నూనె గుడ్డతో తుడవడం చాలు.

సానరాయి:
ముద్ర లేదంటే రహస్యమనీ కాదు, నకిలీ అనీ కాదు. బ్రిటిష్ ఫెయిర్‌బెయిర్న్-సైక్స్ కమాండో కత్తుల్లో, పిడికి రింగులున్న మూడో రకంలో, ముద్ర లేని అసలైనవి బోలెడు.

ఒర ఉంటే దాన్నీ చూడండి. పైలట్ కత్తి తోలు ఒరకి ముందువైపు సానరాయి పెట్టుకునే చిన్న జేబు ఉంటుంది. కుట్టు దారాన్ని చీకట్లో అతినీలలోహిత (యూవీ) లైటు కింద పెట్టి చూస్తాను. నీలంగా వెలిగిపోతే కొత్త దారమేమో అని అనుమానిస్తాను. అలాగని దీన్నొక్కదాన్నే నమ్మను, డిటర్జెంటు తగిలిన పాత నూలు కూడా వెలుగుతుంది. పైగా ఒరలు చేతులు మారుతూ ఉంటాయి కాబట్టి ఒర వయసు కత్తి వయసు కానక్కర్లేదు.

పాతఇనుము:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, టార్చిని దిమ్మకి దాదాపు ఆనించి పక్క నుంచి వేశాను. సుత్తి దెబ్బల గుంటల మధ్య నీడలు లేచాయి. ఎల్, యూ, ఎస్, తర్వాత ఎన్.వై. కింద 6, దాని పక్కన 7 లాంటిది. చేతులు వణికాయి!

ఒరలోకత్తి:
ఎల్, యూ, ఎస్ అంటే CAMILLUS చివరి అక్షరాలు, అయితే న్యూయార్క్ కెమిలస్ కంపెనీదే. ఆ అంకె 7 అయితే 1967. వేర్వేరు కోణాల నుంచి వెలుతురు వేసి నాలుగైదు ఫొటోలు తీయండి, నెల కూడా బయటపడొచ్చు. ఇంకోమాట, ఒరలోనే దాచకండి. తోలు తేమ పీల్చి బ్లేడుని తినేస్తుంది. రెండూ విడివిడిగా పెట్టండి.