అమ్మమ్మ జీవితాన్ని చిన్న పుస్తకంగా కూర్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
తొంభై దాటి బతికిన అమ్మమ్మ గురించి ఇంటిల్లిపాదీ దాచుకునే పుస్తకం చేయాలి. జిగురు పేజీల ఆల్బమ్, ఆవిడ గొంతున్న పాత క్యాసెట్, కొన్ని ఉత్తరాలు ఉన్నాయి. ఎవరినడిగినా "మా కోసం అరిగిపోయింది" అంటారు. ఏ ఏడు ఏం జరిగిందంటే మాత్రం తలో లెక్క. దారి చెప్పండి.

జవాబు 1:
రాయడం తర్వాత, ముందు పట్టిక గీయండి. ఏడు, అప్పటికి ఆవిడ వయసు, సంగతి, చెప్పినవారి పేరు. "ఏ సంవత్సరం?" అంటే పెద్దవాళ్లు తడుముకుంటారు. "అప్పటికి చిన్న పిన్ని నడుస్తోందా, చంకలో ఉందా?" అంటే టక్కున చెబుతారు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన 1969లో ఏ ఇంట్లో ఉండేవారని అడిగినా చుట్టుపక్కల సంగతులు బయటికొస్తాయి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి. తేల్చాల్సి వస్తే ఉత్తరం మీది పోస్టు ముద్రనే నమ్మండి. గుర్తింపు పత్రాల్లోని పుట్టిన తేదీ అంచనాగా రాయించింది కావచ్చు, పెద్ద సంతానం పుట్టిన ఏడుతో పొంతన చూడండి.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాత్రం అడగొద్దు. గొంతు పెద్దదైనవాళ్ల మాటే అందరి జ్ఞాపకం అయిపోతుంది.

జవాబు 2:
ఆల్బమ్ నుంచి ఫోటోలు పీకకండి. వంగితే పైపొర పగులుతుంది, ఆ గీత ఇక పోదు. ముందు పేజీలు ఉన్నవున్నట్టు స్కాన్ చేయండి. తర్వాత మైనం పూయని డెంటల్ ఫ్లాస్ దారాన్ని మూల దగ్గర ఫోటో కిందికి దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. మొండికేస్తే వదిలేయండి. చిన్న ఫోటోలకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. 3×4 అంగుళాల బొమ్మ 6×8 దాకా పెంచినా చెదరదు. వెనకవైపు రాత ఉంటే అదీ స్కాన్ చేయాలి. పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ఒత్తిడికి ముఖం వైపు గాడి పడుతుంది.

క్యాసెట్ అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలు ముందే విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు. ప్లేయర్‌ని వేరే క్యాసెట్‌తో పరీక్షించాకే ఇది పెట్టండి. టేపు పాతదైతే తెగొచ్చు, అందుకని మొదటిసారి తిప్పేటప్పుడే కంప్యూటర్‌లో రికార్డు అవుతూ ఉండాలి. రికార్డింగ్ సెట్టింగుల్లో వేవ్ (ధ్వనిని కుదించని ఫైలు), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో ఎంచుకుంటే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఆవిడ దగ్గు, నవ్వు, మధ్యలో ఆగడం కత్తిరించకండి. దయచేసి!

జవాబు 3:
"త్యాగమూర్తి" అని రాస్తే ఎవరి అమ్మమ్మకైనా సరిపోతుంది. "అందరూ పడుకున్నాక గడియ మళ్లీ తోసి చూసేది, ఆఖరువాళ్లు వచ్చేదాకా వరండా దీపం ఆర్పేది కాదు" అంటే మీ ఆవిడే కనిపిస్తుంది. కాబట్టి ఎలాంటిదని కాదు, ఏం చేసేదని అడగండి. కోపమొస్తే ఏమనేది, తనకంటూ ఏం కావాలనుకునేది అన్నవీ అడగాలి. సేవ ఒక్కటే రాస్తే మనిషి మిగలదు.

పట్టికలో నాలుగైదేళ్లు ఖాళీగా ఉంటే ఆగి చూడండి. పోయిన బిడ్డ, జబ్బు, మాటల్లేని రోజులు అక్కడే ఉంటాయి. బతికున్నవాళ్లకు సంబంధించినవైతే వాళ్లకు చూపించి, ఒప్పుకుంటేనే అచ్చుకివ్వండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి. మిగిలినవి ఖాళీగా వదలండి, పుస్తకం చదివాక గుర్తొచ్చినవి రాసుకుంటారు.